పిలవని పేరంటం

మొన్న గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. గిన్నెలు బోర్లించి, కాస్త నడుం వాలుద్దామని చాప పరుచుకున్నానో లేదో, పక్క వాటా చిన్నమ్మ గుమ్మంలో నిలబడింది.

"బిడ్డా, ఒక్కసారి మా ఇంటికి వస్తవా? కంప్యూటరు మాట్లాడుతున్నది!" అంది.

కంప్యూటరు మాట్లాడితే భయమెందుకు, ఏ పాటో పెట్టి వుంటారు గదా అనుకుంటూ వెళ్లాను. తీరా చూద్దును గదా, తెర నిండా ఎర్రరంగు. మధ్యలో ప్రమాదం గుర్తు. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా అరుస్తోంది. 'మీ కంప్యూటరులో వైరస్ చేరింది, మీ బ్యాంకు వివరాలు దొంగలపాలవుతున్నాయి, కంప్యూటరు ఆపవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని దాని సారాంశం. ఎదురుగా కుర్చీలో సారు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో బ్యాంకు కార్డు.

ఫోనులో అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఆరువేల అయిదువందలు కడితే ఇప్పుడే బాగుచేస్తాడట. మాటల మధ్యలో, "మీది ఏ కంపెనీ కంప్యూటరు సార్?" అని అడిగాడు.

చిన్నమ్మ ఒక్క అంగలో వెళ్లి ఫోను లాక్కుంది. "లోపలున్న పురుగు కనపడ్డోనికి పైనున్న పేరు కనపడతలేదా?" అని, ఠపీమని కట్ చేసింది.

చదువంటే నాలుగో తరగతితో ఆగిపోయిన మనిషి. ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగల మోసగాడు ఈ భూమి మీద వుండడని నా నమ్మకం!

నేను కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కాను. టాస్క్ మేనేజర్ అనే చిన్న పట్టిక వచ్చింది. అందులో బ్రౌజరు పేరు మీద నొక్కి, 'ఎండ్ టాస్క్' అన్నాను. అరుపు ఆగింది. ఇల్లు నిశ్శబ్దమైంది.

డబ్బు పోలేదు, గండం గడిచింది. నవ్వుకుంటూ ఇంటికి వచ్చేయవలసిన మాట. కాని సారు మొహం చూస్తే నవ్వు రాలేదు. ఆయన నల్గొండ జిల్లా పల్లెల్లో ముప్పై ఆరేళ్లు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, కొత్తపేటలో ఈ రెండు గదుల వాటాలోకి వచ్చినవారు. కార్డు మెల్లగా జేబులో పెట్టుకుని, "ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాయకురా అని ఎన్ని వేలమందికి చెప్పిన్నో అమ్మా. నేనే చదవకుండ రాసిన" అన్నారు.

ఈ వారం మీతో చెప్పదలచిన సంగతంతా ఆ ఒక్క మాటలోనే వుంది.

దిల్‌సుఖ్‌నగర్ సంగతి మీకు తెలియంది కాదు. మెట్రో దిగి రోడ్డు మీదికి వస్తే ఏ మేడ మీద చూసినా కోచింగు బోర్డే. ఏ స్తంభానికి చూసినా కంప్యూటరు కోర్సు కాగితమే. ఊళ్ల నుంచి పిల్లలు వచ్చి హాస్టళ్లలో వుండి, నేర్చుకుని, గచ్చిబౌలికో, బెంగుళూరుకో, అక్కడి నుంచి అమెరికాకో ఎగిరిపోతారు. ఇంత కంప్యూటరు విద్య అమ్ముడయ్యే పేటలో, ఓ తలుపు వెనక వున్న పెద్దాయనకు 'ఈ బొత్తాం నొక్కకండి' అని చెప్పే మనిషి లేకపోయాడు. దీపం కిందే చీకటి అంటే ఇదే కాబోలు.

సారు కంప్యూటరు వయసు ఎనిమిదేళ్లు. కొడుకు డల్లాస్ వెళ్లేముందు కొనిచ్చాడు. ఆదివారం పొద్దున్న మనవరాలి మొహం పెద్దగా కనిపించేది అందులోనే. ఏడాదిగా అది నత్తనడక పట్టింది. పవరు బొత్తాం నొక్కి, చిన్నమ్మ టీ పెట్టి, ఇద్దరూ తాగి, గ్లాసులు కడిగి వస్తేగానీ తెర తేరుకోదు. తేరుకున్నాక కుడిపక్క కింద మూలన చిన్న చిన్న చీటీలు పైకి లేస్తాయి. ఒకటి లాటరీ తగిలిందంటుంది, ఒకటి వైరస్ పట్టిందంటుంది. వెతుకుడు పేజీ కూడా మారిపోయింది. ఎప్పుడూ వచ్చేది పోయి, ఎవరిదో పేరు తెలియనిది వచ్చి కూర్చుంది.

కొడుక్కి చెప్పలేదు. "ఇచ్చిన వస్తువు పాడుచేసిన అనుకుంటడు" అని సారు సంకోచం. ఎవరికీ చెప్పకుండా కంప్యూటరును ఆటోలో పెట్టుకుని, ఎల్.బి. నగర్ వైపు ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోయారు. పద్ధెనిమిది వందలు తీసుకుని, 'వైరస్ తీశాం' అన్నారట. తీసిన వైరస్ ఏమిటో తెలియదు గాని, పెట్టినవి మాత్రం మూడు కనిపించాయి: ఒక ఉచిత యాంటీవైరస్, ఒక 'స్పీడు పెంచేది', ఇంకొకటి 'డ్రైవర్లు కొత్తవి చేసేది'. జబ్బుకు మూడు మందులిస్తే, మందులే మూడు జబ్బులైనట్టయింది.

ఆ సాయంత్రం సారునూ, చిన్నమ్మనూ పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పిలవని పేరంటానికి వచ్చినవారెవరో ఒక్కొక్కరినే పలకరించాను.

మొదట ఆ మూలనుంచి లేచే చీటీలు. వీటిని నోటిఫికేషన్లు అంటారు. క్రోమ్ బ్రౌజరులో వెబ్ సైట్లు ఇలా కబురు పంపే ఏర్పాటు 2015లో వచ్చింది. ఆ పేజీ మూసేసినా సరే, కబురు వస్తుంది. మంచికే పెట్టారు, ఉత్తరం వచ్చిందనో, రైలు ఆలస్యమనో చెప్పడానికి. కాని సైటు ముందుగా మనల్ని అడగాలి. 'అల్లో' అంటే రానివ్వడం, 'బ్లాక్' అంటే వద్దనడం. మన అనుమతి లేనిదే లోపలికి రారు.

మరి సారు ఎప్పుడు అనుమతించారు? జ్ఞాపకం చేసుకోగా తేలింది. ఒకనాడు తిథి చూద్దామని ఏదో సైటుకు వెళితే, 'మీరు రోబోట్ కాదని రుజువు చేయడానికి అల్లో నొక్కండి' అని వచ్చిందట. నిజానికి అల్లోకు, రోబోటుకు ఏ సంబంధమూ లేదు. అదొక ఎత్తు. "నేను మనిషినే గదా అని నొక్కిన" అన్నారు సారు అమాయకంగా. ఆ ఒక్క తలుపు తీస్తే ఇంకో నాలుగు సైట్లకు దారి చూపింది. అవి తలా ఒకసారి అడిగాయి. మేం లెక్కపెట్టేనాటికి జాబితాలో పదిహేడుమంది చేరారు. నాటి మధ్యాహ్నం ఎర్రతెర కూడా అలాంటి ఒక చీటీ మీద నొక్కడం వల్లే వచ్చింది.

మీ ఇంట్లోనూ ఈ చీటీలు లేస్తుంటే ఇలా చేయండి. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలుంటాయి. వాటిని నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి పొందినవారి పేర్లన్నీ అక్కడ బారులు తీరి వుంటాయి. తెలియని ప్రతి పేరునూ తీసేయండి. అసలు ఏ సైటూ అడగనే కూడదు అనుకుంటే ఆ ఏర్పాటు కూడా ఆ పేజీలోనే వుంది. ఎడ్జ్ బ్రౌజరులో దారి కొంచెం వేరు, మూడు చుక్కలూ సెట్టింగ్సూ మామూలే.

రెండో అతిథి ఎక్స్‌టెన్షన్. బ్రౌజరుకు తగిలించుకునే అదనపు పనిముట్టన్న మాట. సారు దాంట్లో ఆరున్నాయి. ఒకటి కూపన్లు వెతికిపెడుతుందట, ఒకటి పీడీఎఫ్ మారుస్తుందట. వెతుకుడు పేజీని మార్చిన మహానుభావుడు వీరిలోనే వున్నాడు. కొన్ని ఎక్స్‌టెన్షన్లకు మీరు చూసే పేజీలన్నీ చదివే అధికారం కూడా వుంటుంది. తగిలించేటప్పుడు ఆ సంగతి రాసే చూపిస్తారు, మనమే చదవం. మూడు చుక్కల్లోంచి ఎక్స్‌టెన్షన్స్‌లోకి పోయి, వాడనివాటిని తీసేశాం.

ఇంత చేసినా మొండికేస్తే, సెట్టింగ్స్‌లో 'రీసెట్ సెట్టింగ్స్' అని వుంటుంది. భయపడకండి, దాచుకున్న పేజీల గుర్తులూ, పాస్‌వర్డులూ పోవు. ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, మొదటి పేజీ, వెతుకుడు పేజీ మామూలుకు వస్తాయి. కుకీలు కూడా చెరిగిపోతాయి గనక, సైట్లలోకి మళ్లీ పాస్‌వర్డు కొట్టి వెళ్లాలి. అంతే నష్టం.

మూడోది, వెంట వచ్చిన చుట్టాలు. ఉచితంగా దొరికే ఏదో ప్రోగ్రాం దింపుకుంటాం. అది ఎక్కేటప్పుడు నాలుగుసార్లు 'నెక్స్ట్' అంటుంది. మూడో పేజీలో ఒక చిన్న గడిలో టిక్కు ముందే పెట్టి వుంటుంది: దీంతోపాటు మరొకటి కూడా ఎక్కించమని. పెళ్లికొడుకు వెంట తోడుపెళ్లికొడుకు వచ్చినట్టు అదీ దిగుతుంది. ఒకప్పుడు జావా వంటి ప్రసిద్ధ ప్రోగ్రాం వెంట కూడా ఆస్క్ టూల్‌బార్ అనే పట్టీ వచ్చేది. 'కస్టమ్' అన్న దారి ఎంచుకుని, టిక్కులు తీసేసి ముందుకు పోవడం మంచిది. వచ్చేసినవారిని విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా తెరిచి సాగనంపవచ్చు. దుకాణం వారిచ్చిన ఆ మూడు మందులనూ అలాగే సాగనంపాం. విండోస్‌కు డిఫెండర్ అనే కాపలా సొంతంగానే వుంది. మామూలు ఇంటికి అది చాలు.

ఈ పిలవని కిటికీలకు మూలపురుషుడెవరో తెలుసా? ఈథన్ జుకర్‌మన్ అనే అమెరికన్. 1990ల్లో ట్రైపాడ్ అనే కంపెనీలో పనిచేసేవాడు. ఒక పెద్ద కార్ల కంపెనీ ప్రకటన వెళ్లి ఓ అసభ్యమైన పేజీలో పడిందట. వాళ్లు లబలబలాడారు. పేజీతో సంబంధం లేకుండా ప్రకటన విడిగా మరో కిటికీలో తెరుచుకునేటట్టు ఈయన ఉపాయం పన్నాడు. అదే పాపప్. 2014లో ఒక పత్రికలో వ్యాసం రాసి, లోకాన్ని క్షమాపణ కోరుకున్నాడు, మా ఉద్దేశం మంచిదే అని. ఉద్దేశాలెప్పుడూ మంచివే! వాటి వెంట నడిచి వచ్చేవారితోనే చిక్కు.

మన ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ప్రకటించింది. కొనేవాణ్ని తెరమీద తికమకపెట్టే ఎత్తులు 13 రకాలని పేర్లు పెట్టి మరీ చెప్పింది. అడగని సరుకు బుట్టలో వేయడం, వద్దన్నా పదే పదే అడిగి విసిగించడం, వైరస్ వుందని బెదిరించి డబ్బు గుంజడం, ఇవన్నీ అందులో వున్నాయి. ఇలాంటి ఎత్తుల మీద 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇక నత్తనడక సంగతి. మీకు వంటింటి భాషలో చెబుతాను. కంప్యూటరులో ర్యామ్ అనేది వంటగట్టు. హార్డ్ డిస్కు అనేది అటక. పని జరిగేది గట్టు మీద, సామాను దాచేది అటక మీద. గట్టు చిన్నదైతే ప్రతి గిన్నె కోసం అటక ఎక్కి దిగాలి. సారు కంప్యూటరులో ర్యామ్ 4 జీబీ. బ్రౌజరులో తెరిచిన ప్రతి పేజీ, ప్రతి ఎక్స్‌టెన్షన్ గట్టు మీద తలా ఇంత చోటు ఆక్రమిస్తుంది. సారు చదివిన పేజీ మూసే అలవాటు లేక ఇరవై మూడు తెరిచి పెట్టారు. ఇక మిగిలిన చోటెక్కడ?

అందుకని చేసినవి మూడు. పేజీలు మూయడం ఒకటి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ అన్నచోట మెమరీ సేవర్ వేయడం రెండు. చూడకుండా వదిలేసిన పేజీలను అదే నిద్రపుచ్చుతుంది. మూడోది, కంప్యూటరు తెరవగానే తమంతట తాము లేచి కూర్చునేవారిని ఆపడం. ఇందాకటి టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అని వుంటుంది. పేరు తెలిసి, అక్కర్లేదని నిశ్చయంగా అనుకున్నవాటినే డిసేబుల్ చేయండి. తెలియనివాటి జోలికి పోకండి. ఆ సాయంత్రమే తెర తేరుకునే కాలం సగానికి తగ్గింది.

మిగతా సగం అటక తప్పు. పాత హార్డ్ డిస్కులో నిజంగానే ఒక పళ్లెం తిరుగుతూ వుంటుంది, చాలావాటిలో నిమిషానికి 5400 సార్లు. సూది వెళ్లి వెతికి తేవాలి. కొత్తరకం ఎస్ఎస్‌డిలో తిరిగేదేమీ లేదు గనక, అడిగిన తక్షణం అందిస్తుంది. పాత కంప్యూటరుకు ప్రాణం పోసే ఖర్చు ఒక్కటే పెట్టగలిగితే, అది ఎస్ఎస్‌డి మీద పెట్టండి. తర్వాత వీలైతే ర్యామ్ మీద. సికింద్రాబాదు పార్కు లేనులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇలాంటి సామాగ్రికి పేరుబడ్డ చోటు. మార్చే ముందు ఫొటోలూ, కాగితాలూ వేరొక డ్రైవులోకి ఎత్తుకోవడం మరువకండి. దుకాణంలో ఏం తీశారో, ఏం పెట్టారో కాగితం మీద రాయించుకోండి. బట్టల దర్జీ దగ్గర కూడా చీటీ తీసుకుంటాం గదా!

ఇంకొక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. పాత యంత్రాలు చాలావాటికి 11 ఎక్కదు. అంతమాత్రాన పారేయనక్కరలేదు. లినక్స్ అనే ఉచిత వ్యవస్థ వుంది. తెలుగులో కనిపించే లినక్స్ కోసం మన హైదరాబాదు స్వేచ్ఛ సంస్థవారు పనిచేశారు. వార్తలు చదవడానికి, మనవరాలిని చూడడానికి అది బాగానే సరిపోతుంది.

మళ్లీ ఆ ఎర్రతెర దగ్గరికి వద్దాం. ఎందుకంటే అసలు ప్రమాదం అదే. మైక్రోసాఫ్ట్ వారి నిజమైన హెచ్చరికలో ఎన్నడూ ఫోన్ నంబరు వుండదు. ఈ మాట వాళ్లే చెప్పారు. నంబరు కనిపించిందంటే అది మోసమే, ఇక ఆలోచించనక్కరలేదు. ఎస్కేప్ మీట కాసేపు నొక్కిపట్టండి. లొంగకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ కాకపోతే నేను చేసినట్టు టాస్క్ మేనేజర్. ఏదీ తోచకపోతే పవరు బొత్తాం నొక్కి పట్టుకుని ఆపేయండి. ఆపవద్దని వాడు ఎంత అరిస్తే అంత త్వరగా ఆపండి. ఎవరో చెప్పారని దూరం నుంచి మన తెరను నడిపించే యాప్‌లు ఎక్కించకండి.

కర్మం చాలక డబ్బు పోయిందా? సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. మన బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చెబితే, దొంగ చేతికి చేరకముందే సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ లెక్కలో గంటలు కాదు, నిమిషాలు విలువైనవి.

ఈ 'సిగ్గు' అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆ రోజు సారు నన్నడిగింది ఒక్కటే. "అమ్మా, ఈ సంగతి మావాడికి చెప్పకు." పద్ధెనిమిది వందలు పోయినప్పుడూ ఆయన చెప్పలేదు. చీటీలు లేస్తున్నప్పుడూ చెప్పలేదు. చెబితే, 'అది కూడా తెలియదా నాన్నా' అంటాడని భయం. మనం చాలామందిమి అనే మాటే అది. ఫోనులో విసుగ్గా అంటాం, పక్కనుండి మౌస్ లాక్కుని అంటాం. ఆ మాట విన్న పెద్దవాళ్లు మరోసారి అడగరు. మనల్ని అడగనప్పుడు ఎవర్ని అడుగుతారు? తెరమీద మర్యాదగా నంబరిచ్చినవాణ్ని అడుగుతారు. ఆ మోసగాడు 'సార్' అంటూ ఎంత ఓపికగా మాట్లాడాడో నా చెవులతో విన్నాను. ఆ ఓపికలో పాతిక వంతు మనకుంటే, వాడికి బేరం వుండదు.

అంచేత మీ ఇంట్లో అమ్మానాన్నల కంప్యూటరు ముందు ఈ ఆదివారం ఒక అరగంట కూర్చోండి. మౌస్ వాళ్ల చేతిలోనే వుంచండి. దారి మీరు చెప్పండి, నొక్కడం వాళ్లనే నొక్కనివ్వండి. కావాలంటే బ్రౌజరును తెలుగులో కనిపించేట్టు మార్చండి, ఆ వీలు వుంది.

సారు కొడుక్కి నేను చెప్పలేదు. ఆదివారం పొద్దున్న సారే చెప్పారట. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నాన్నా, మా ఆఫీసులో నేను కూడా ఒకసారి ఇట్లాంటిదే నొక్కిన" అన్నాడట ఆ ఇంజనీరు. చిన్నమ్మ ఈ మాట నాకు మూడుసార్లు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ నవ్వింది.

నిన్న కొత్తిమీర ఇవ్వడానికి వెళితే, తెర అంచున చిన్న కాగితం అంటించి వుంది. సారు గుండ్రటి దస్తూరి: 'ప్రశ్న చదివి జవాబు రాయుము.'

"ఎవరికి సార్ ఈ హెచ్చరిక?" అన్నాను.

"నాకే" అన్నారు సారు. లోపలి నుంచి చిన్నమ్మ అందుకుంది: "తెల్వకపోతే నన్నడుగు అని కూడ రాయమన్న. రాస్తలేడు!"